యాడ్‌ఇన్ ఆపేస్తే కోడయినా వదలండి

సంపాదకులకు నమస్కారం.

భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు అదనంగా తగిలించుకునే ప్రయోగాత్మక టూల్స్ (యాడ్‌ఇన్‌లు, ప్లగిన్లు అంటాం) గురించి మీ టెక్నాలజీ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఒక్క బటన్ నొక్కితే ఫ్లోర్ ప్లాన్ ఎలా పరుచుకుంటుందో, ఏ గోడ మీద ఎంత ఎండ పడుతుందో ఎలా లెక్క తేలుతుందో చక్కగా చెప్పారు. నేను ఒక ఆర్కిటెక్చర్ ఆఫీసులో బిమ్ కోఆర్డినేటర్‌ని. భవనాన్ని దాని సమాచారంతో సహా కంప్యూటర్‌లో మోడల్‌గా తయారుచేసే పద్ధతిని బిమ్ అంటారు. ఆర్కిటెక్టులు, స్ట్రక్చరల్ ఇంజినీర్లు, పైపులూ డక్టులూ వేసేవాళ్లు విడివిడిగా తయారుచేసిన మోడళ్లను ఒకచోటికి చేర్చి, ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో లేదో చూడటం నా పని. రోజంతా ఈ టూల్స్ మధ్యే గడుస్తుంది. అవి ఎలా పుడుతున్నాయో మీ వ్యాసంలో ఉంది. అవి కనుమరుగైనప్పుడు మోడల్ గతేమిటన్నది అందులో లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ప్రయోగాలు వద్దనేవాళ్లలో నేను లేను. "కంపెనీ కొన్న సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకేదీ ఇన్‌స్టాల్ చేయకూడదు" అన్న నియమం చాలా ఆఫీసుల్లో ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. ఈ రంగంలో ఈరోజు మనం మామూలుగా వాడుతున్నవాటిలో చాలావరకు ఒకప్పుడు ఎవరో తమ అవసరానికి తగిలించిన ముక్కలే. డ్రాయింగ్‌లు గీసే ఆటోక్యాడ్‌లోకి ఆటోలిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష 1986లో వచ్చింది. అప్పటి నుంచి డ్రాఫ్టింగ్ చేసేవాళ్లు తమకు కావలసిన కమాండ్లు తామే రాసుకోవడం మొదలుపెట్టారు. రైనో అనే 3డీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే మెక్‌నీల్ సంస్థలో డేవిడ్ రుటెన్ 2007లో 'ఎక్స్‌ప్లిసిట్ హిస్టరీ' పేరుతో ఒక ప్లగిన్ వదిలారు. అదే తర్వాత గ్రాస్‌హాపర్ (డబ్బాలూ తీగలూ కలిపి డిజైన్‌ను నడిపించే టూల్) అయింది, 2018లో రైనో 6 వచ్చేసరికి ఆ సాఫ్ట్‌వేర్‌లోనే కలిసిపోయింది. స్కెచ్‌అప్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన ఎట్ లాస్ట్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థను గూగుల్ 2006లో కొన్నదంటే, గూగుల్ ఎర్త్ కోసం వాళ్లు చేసిన ప్లగిన్ గూగుల్ వాళ్లకు నచ్చడమే కారణం.

నేను చెప్పదలచుకున్న విషయం తేలిగ్గా అర్థం కావాలంటే ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ నీడలో పెరిగిన రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది వాసరి. 2010లో ఆటోడెస్క్ ల్యాబ్స్ దాన్ని ప్రయోగంగా విడుదల చేసింది. ఆటోడెస్క్ వాళ్ల భవనాల మోడలింగ్ సాఫ్ట్‌వేర్ రెవిట్ పునాది మీదే కట్టినది, కానీ చాలా తేలికైనది. భవనం ఇంకా గుండ్రంగానో పలకగానో ఒట్టి ఆకారంగా ఉన్న దశలోనే దాని మీద ఎండ ఎంత పడుతుంది, గాలి ఎటు తిరుగుతుంది, కరెంటు ఎంత ఖర్చవుతుంది అని చూసుకోవచ్చు. గాలి ప్రవాహం చూపించే విండ్ టన్నెల్ కూడా అందులో ఉండేది. పెద్ద ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్ తెరవకుండా, డిజైన్ తొలి రోజుల్లోనే గాలిని కళ్లతో చూడగలగడం ఆర్కిటెక్టులకు ఎంత ఆనందమో మాటల్లో చెప్పలేను. ప్రతి వెర్షన్‌కూ ఒక గడువు తేదీ ఉండేది. ఆ తేదీ దాటితే తెరుచుకోదు. కొత్త వెర్షన్ వస్తూ ఉన్నన్నాళ్లు ఎవరికీ పట్టలేదు. 2015లో దాన్ని పూర్తిగా ఆపేశారు. మోడళ్లు రెవిట్ ఫైళ్లుగానే సేవ్ అయ్యాయి కాబట్టి ఆకారాలు దక్కాయి. ఆ ఆకారాల మీద చేసిన గాలి పరీక్షను మళ్లీ అదే టూల్‌తో, అదే పద్ధతిలో చేసి చూసుకునే దారి మాత్రం మూసుకుపోయింది.

రెండోది డైనమో. ఇయాన్ కీఓ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, అంటే కోడ్‌ను ఎవరైనా చదివి మార్చుకోవచ్చు. తెర మీద డబ్బాలు (నోడ్‌లు) పెట్టి వాటి మధ్య తీగలు కలిపితే రెవిట్‌లో పనులు వాటంతటవే జరిగిపోతాయి. తొలినాళ్లలో అది రెవిట్‌తో పాటు వాసరిలో కూడా నడిచేది. అంటే రెండు ప్రయోగాలూ ఒకే కాలంలో, ఒకే మనుషుల చేతుల్లో తిరిగినవే. ఇప్పుడు రెవిట్ ఇన్‌స్టాల్ చేస్తే డైనమో దానితో పాటే వస్తుంది. బాగా పనికొచ్చింది కాబట్టే నిలబడిందని అనవచ్చు, కాదనను. వాసరి కూడా పనికొచ్చినదే. డైనమో కోడ్ అందరి ముందూ ఉంది. కంపెనీ బయటివాళ్లు ప్యాకేజీలు రాశారు, తప్పులు దిద్దారు, తమకు కావలసిన నోడ్‌లు చేర్చుకున్నారు. కంపెనీ రేపు దానిమీద ఆసక్తి వదిలేసినా కోడ్ ఉంటుంది, దాన్ని చదవగలిగిన వాళ్లు వేలల్లో ఉంటారు. వాసరిని కొనసాగించాలని ఎవరికి ఎంత ఉన్నా చేతికి అందేదేమీ లేకపోయింది.

ఎండ లెక్కల్లోనూ ఇదే జరిగింది. ఆటోడెస్క్ 2008లో కొన్న ఎకోటెక్ట్ అనే సాఫ్ట్‌వేర్ అమ్మకాలు 2015లో ఆగిపోయాయి. అప్పటికి రెండేళ్ల ముందే మోస్తఫా రౌద్‌సరి గ్రాస్‌హాపర్ కోసం లేడీబగ్ అనే ఓపెన్ సోర్స్ ప్లగిన్ విడుదల చేసి ఉన్నారు. ఒక ఊరి వాతావరణాన్ని ఏడాదిలోని 8,760 గంటలకూ గంట గంటకూ రాసి ఉంచే ఈపీడబ్ల్యూ ఫైలును అది చదివి బొమ్మలుగా చూపిస్తుంది. దాని తోడుగా వచ్చిన హనీబీ, వెలుతురు లెక్కకు రేడియన్స్ అనే ప్రోగ్రామ్‌ను, శక్తి లెక్కకు ఎనర్జీప్లస్ అనే ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. ఆ రెండింటి కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉన్నదే. అందుకని ఎకోటెక్ట్ పోయినప్పుడు చాలామందికి నిలబడటానికి చోటు దొరికింది.

ఇక మోడల్ లోపల ఏం జరుగుతుందో చెబుతాను. ఇది బయటివాళ్లకు కనిపించదు, వార్తల్లోకీ రాదు.

వేరే ఆఫీసు నుంచి వచ్చిన ఒక మోడల్ తెరవగానే రెవిట్ ఒక హెచ్చరిక చూపించింది. ఈ ఫైలులో ఫలానా అప్‌డేటర్ (మార్పులను గమనిస్తూ ఉండే యాడ్‌ఇన్ భాగం) మార్పులు చేసింది, అది మీ కంప్యూటర్‌లో లేదు, అలాగే పని చేస్తే అది చూసుకుంటున్న సమాచారం సరిగా మారదు అని దాని సారాంశం. కింద రెండు దారులు. పని కొనసాగించు అన్నది ఒకటి. ఇంకెప్పుడూ దీని గురించి హెచ్చరించకు, పని కొనసాగించు అన్నది రెండోది. పని ఒత్తిడిలో ఉన్న మనిషి ఏది నొక్కుతాడో ఊహించడం కష్టం కాదు.

ఆ హెచ్చరిక వెనకున్న సంగతి ఇది. రెవిట్ 2011 నుంచి యాడ్‌ఇన్‌లకు ఒక వెసులుబాటు ఉంది. గోడ కదిలినా, పైపు జరిగినా నాకు చెప్పు అని యాడ్‌ఇన్ రెవిట్‌కు ముందే చెప్పి పెట్టుకుంటుంది. మార్పు జరగగానే రెవిట్ దాన్ని పిలుస్తుంది, అది తన వంతు మార్పు చేస్తుంది. మాకొచ్చిన మోడల్‌లో ఆ యాడ్‌ఇన్ పని, పైపు గోడను దాటే ప్రతి చోటా రంధ్రం పెట్టి, పైపుతో పాటు దాన్ని జరుపుతూ ఉండటం. చాలా తెలివైన టూల్, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ అది ప్రయోగంగా ఇచ్చిన వెర్షన్, గడువు తీరిపోయింది, డౌన్‌లోడ్ పేజీ కూడా తీసేశారు. మా దగ్గర ఇంజినీరు పైపును ఒక పక్కకు జరిపితే రంధ్రం ఉన్నచోటే ఉండిపోయింది. గోడలో పైపు లేని రంధ్రం, పక్కనే రంధ్రం లేని పైపు. అది షియర్ వాల్, అంటే గాలి, భూకంపం తోపుడును తట్టుకునే కాంక్రీటు గోడ. కాంక్రీటు పోశాక అందులో తొలిచి రంధ్రం పెట్టడమంటే కడ్డీలు తెగే ప్రమాదం. మోడళ్లు కలిపి చూసే దశలోనే దొరికింది కాబట్టి సైట్‌కు వెళ్లలేదు.

దొరికిన తర్వాత అసలు కష్టం మొదలైంది. ఏ రంధ్రం ఏ పైపుది, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్న వివరం ప్రాపర్టీస్‌లో ఎక్కడా కనబడదు. యాడ్‌ఇన్ దాన్ని ఎక్స్‌టెన్సిబుల్ స్టోరేజ్‌లో, అంటే ఫైలు లోపల వాడేవాళ్ల కంటికి ఆనని చోట దాచింది. అలా దాచేటప్పుడు దాన్ని ఎవరు చదవవచ్చో తయారుచేసినవాళ్లే నిర్ణయిస్తారు. అందరికీ తెరిచి పెడితే రెవిట్‌లుకప్ లాంటి ఉచిత టూల్‌తో తీసి చూసుకోవచ్చు. ఇక్కడ తయారీదారు తనకు తప్ప ఎవరికీ వీలులేకుండా తాళం వేసి ఉంచాడు. సమాచారం మా ఫైలులోనే ఉంది, మా ప్రాజెక్టుదే, కానీ మాకు అందదు. చివరికి పైపూ రంధ్రమూ జత చూసుకుంటూ ఒక్కొక్కటీ చేత్తో సరిచేశాం.

దీనికి పూర్తిగా విరుద్ధంగా జరిగినది కూడా చెప్పాలి. పాత భవనాన్ని మార్చి కట్టే ప్రాజెక్టు ఒకదానిలో తలుపులకు నంబర్లు వేసే స్క్రిప్టు వాడాం. ఎవరో ఉచితంగా ఇచ్చినది, ఇంకా పరీక్షలో ఉందని పైనే రాసి పెట్టారు. తలుపు ఏ గదిలోకి తెరుచుకుంటుందో చూసి ఆ గది నంబరును తలుపుకు ఇస్తుంది. కొత్త భవనాల్లో చక్కగా పనిచేసింది. ఈ ప్రాజెక్టులో కొన్ని తలుపులకు నంబరే రాలేదు, కొన్నింటికి వేరే గది నంబరు వచ్చింది. మా జూనియర్ అమ్మాయి ఆ స్క్రిప్టు తెరిచి చదివింది. రెవిట్‌లో గదులు ఫేజ్‌ను, అంటే నిర్మాణ దశను బట్టి ఉంటాయి. పాత భవనంలోని గది ఒక ఫేజ్‌లో, కూల్చి కట్టాక వచ్చే గది ఇంకో ఫేజ్‌లో. ఫేజ్ చెప్పకుండా 'ఈ తలుపు ఏ గదిలోకి' అని అడిగితే రెవిట్ ప్రాజెక్టులోని చివరి ఫేజ్‌ను బట్టి జవాబిస్తుంది. మేం షీట్లు తయారుచేస్తున్నది మధ్య ఫేజ్‌కు. ఫేజ్ పేరు కూడా చేర్చి అడిగేలా ఆ అమ్మాయి స్క్రిప్టును మార్చింది, నంబర్లన్నీ సరిగ్గా కూర్చున్నాయి. మార్చిన దాన్ని అసలు రచయితకు పంపింది, ఆయన సంతోషంగా చేర్చుకున్నారు. లోపమున్న టూల్ అది. రంధ్రాల యాడ్‌ఇన్ అంతటి పనితనం దానికి లేదు. అయినా మాకు నష్టం జరగలేదు, ఎందుకంటే లోపల ఏముందో చదివే వీలుంది.

పెద్ద తప్పుల గురించి నాకు భయం లేదు. రెవిట్ పొడవులన్నిటినీ లోపల అడుగుల్లోనే దాచుకుంటుంది, తెర మీద మిల్లీమీటర్లు కనిపిస్తున్నా సరే. మార్చడం మరిచిపోయిన యాడ్‌ఇన్ గోడను 304.8 రెట్లు పెద్దది చేసిందంటే ఎవరికైనా కనబడుతుంది. కనబడని తప్పులే ప్రమాదం. డైనమోలో పైథాన్ అనే భాషలో రాసిన స్క్రిప్టులు చాలాకాలం ఐరన్‌పైథాన్ 2.7 అనే పాత రకం మీద నడిచాయి. తర్వాత పైథాన్ 3కు మారాల్సి వచ్చింది. కొన్ని తేడాలు స్క్రిప్టును ఆపేస్తాయి, అవి మంచివే, ఆగింది కాబట్టి చూస్తాం. భాగహారం అలా కాదు. 7ను 2తో భాగిస్తే పాతది 3 అనేది, కొత్తది 3.5 అంటుంది. స్క్రిప్టు ఆగదు, ఎరుపు గుర్తు రాదు. ఆ అంకె నుంచి లెక్కించిన దూరాలు మాత్రం మారిపోతాయి. కోడ్ చేతిలో ఉంటే ఆ గీత ఎక్కడుందో వెతికి పట్టుకుంటాం. లేకపోతే తయారుచేసినవాళ్లు దాన్ని ఇంకా పట్టించుకుంటున్నారో లేదో దేవుడికే తెలియాలి.

పైగా ఈ మార్పులు ఏటా వస్తాయి. రెవిట్ 2024లో ఎలిమెంట్ ఐడీలు, అంటే మోడల్‌లోని ఒక్కో వస్తువుకు ఉండే గుర్తింపు నంబర్లు, 32 బిట్ల నుంచి 64 బిట్లకు మారాయి. రెవిట్ 2025లో యాడ్‌ఇన్‌లు నడిచే పునాది డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 నుంచి డాట్‌నెట్ 8కు మారింది. అలాంటి మార్పు వచ్చినప్పుడు ఎవరో ఒకరు కూర్చుని యాడ్‌ఇన్‌ను మళ్లీ కంపైల్ చేయాలి (కోడ్‌ను కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చాలి), పరీక్షించాలి. ప్రయోగం అని పేరు పెట్టిన టూల్‌కు ఆ ఎవరో ఒకరు దొరకడం కష్టం. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన రెవిట్ ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు కాబట్టి వెనక్కి వెళ్లే దారీ ఉండదు. ఆటోలిస్ప్ రోజుల్లో రాసిన ఎల్‌ఎస్‌పి ఫైళ్లు ఇప్పటికీ లోడ్ అవుతున్నాయంటే, అవి ఉత్త అక్షరాలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవచ్చు. అదే లిస్ప్‌ను ఎఫ్‌ఏఎస్, వీఎల్‌ఎక్స్ అనే చదవడానికి వీలుకాని ఫైళ్లుగా కంపైల్ చేసి ఇచ్చినవాటిలో చిన్న సవరణ కావాలన్నా అసలు కోడ్ ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

భవనం కొన్ని దశాబ్దాలు నిలబడుతుంది. కట్టడం పూర్తయ్యాక మోడల్‌ను యజమానికి ఇస్తారు, మరమ్మతులకు, మార్పులకు దాన్నే తెరుస్తారు. అంతకాలం ఏ ప్రయోగమూ బతకదు, బతకాలని నేనూ అడగను. ఆపేసే హక్కు తయారుచేసినవాళ్లకు ఉంది. ఆపేసేటప్పుడు కోడ్‌ను బయట పెట్టమని మాత్రం అడుగుతున్నాను. ఆ కోడ్‌లో మా మిగతా ఉత్పత్తుల రహస్యాలున్నాయి అని కంపెనీలు అంటాయి. నిజమే కావచ్చు. అలాంటప్పుడు కనీసం ఆ టూల్ మోడల్‌లో ఏ పేరుతో ఏం రాసిందో పత్రంగా ఇవ్వండి. దాచిన సమాచారాన్ని ప్రాపర్టీస్‌లో కనబడే మామూలు ప్యారామీటర్లలోకి తీసి పెట్టే చిన్న టూల్ ఒకటి చివరగా విడుదల చేయండి. అసలు మొదటి రోజే రీడ్ యాక్సెస్‌ను, అంటే ఆ సమాచారాన్ని చదివే వీలును, అందరికీ తెరిచి పెడితే ఇదంతా అక్కర్లేదు. ఆ సెట్టింగ్‌కు పట్టేది ఒక్క గీత కోడ్.

ఈ కోరిక సెలవు రోజుల్లో కూర్చుని ఉచితంగా టూల్స్ రాసి పంచేవాళ్లను ఉద్దేశించి కాదు. రెవిట్‌కు తగిలించుకునే పైరెవిట్ లాంటి ఉచిత టూల్స్ లేకపోతే మా పని ఎంత నెమ్మదిస్తుందో నాకు తెలుసు. వాళ్లలో చాలామంది ముందే కోడ్ ఇచ్చేస్తున్నారు. వాళ్లకు మనం బాకీ.

వాడేవాళ్లం చేయాల్సిందీ ఉంది. షీట్లు బయటికి పంపేటప్పుడు ఏ రివిజన్, ఏ తేదీ అని రాస్తాం. తలుపు నంబర్లు ఫలానా స్క్రిప్టు ఫలానా వెర్షన్‌తో వేశాం, రంధ్రాలు ఫలానా యాడ్‌ఇన్ పెట్టింది అన్న ముక్క కూడా ఆ పక్కనే రాయాలి. మోడల్‌ను వేరే ఆఫీసుకు ఇచ్చే ముందు అప్‌డేటర్లు ఏమున్నాయో చెప్పాలి. పూర్తయిన ప్రాజెక్టుకు ఐఎఫ్‌సీ ప్రతి కూడా తీసి పెట్టాలి. ఐఎఫ్‌సీ అంటే వేర్వేరు సాఫ్ట్‌వేర్లు భవనాల మోడళ్లను ఇచ్చిపుచ్చుకునే ఫైలు రూపం. అది 2013 నుంచి ఐఎస్‌ఓ 16739గా ఉన్న ప్రమాణం, ఏ ఒక్క కంపెనీదీ కాదు, మామూలుగా వాడే ఐఎఫ్‌సీ ఫైలు ఉత్త టెక్స్ట్. బ్లెండర్ అనే ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే బోన్సాయ్ అనే యాడ్‌ఆన్ అయితే నేరుగా ఐఎఫ్‌సీలోనే మోడల్ చేస్తుంది. రేపు బోన్సాయ్ లేకపోయినా ఫైలు ఇంకెక్కడైనా తెరుచుకుంటుంది. ప్రయోగాలు చేసేవాళ్లు ఆ దారిని గమనించాలని నా కోరిక. ఆర్కిటెక్చర్ కాలేజీల్లో డైనమో, గ్రాస్‌హాపర్ నేర్పుతున్నారు, సంతోషం. ఇంకొకరు రాసిన స్క్రిప్టును తెరిచి చదవడం కూడా నేర్పితే మా ఆఫీసుకు ఆ అమ్మాయి లాంటివాళ్లు ఇంకొందరు వస్తారు.

మీ పత్రికకు నా విన్నపం చిన్నది. కొత్త టూల్ గురించి రాసినప్పుడు వ్యాసం చివర మూడు వివరాలు వేయండి. దానికి గడువు తేదీ ఉందా, కోడ్ ఏ లైసెన్సు కింద ఉంది, అది రాసే సమాచారం మోడల్‌లో ఎక్కడ నిల్వ ఉంటుంది. ఈ పేజీ చూసి టూల్స్ ఇన్‌స్టాల్ చేసుకునే విద్యార్థులు, చిన్న ఆఫీసులవాళ్లు చాలామంది ఉన్నారు. మొదటి రెండు డౌన్‌లోడ్ పేజీలోనే దొరుకుతాయి. మూడోది తయారుచేసినవాళ్లను అడగండి. వాళ్లు చెప్పకపోతే, చెప్పలేదని వేయండి.

ఇట్లు,
ఒక బిమ్ కోఆర్డినేటర్